చనుబాలనుంచి గిన్నెపాలకు

పుట్టిన గంటలోపలే శిశువు తల్లి రొమ్మును వెతుక్కుని పాలు త్రాగగలదు. ఈ విద్య ఎవరూ నేర్పినది కాదు. గ్లాసు అంచును పెదవులకు ఆనించి, ఒక గుక్క నోట్లోకి తీసుకుని, పొలమారకుండా మ్రింగటం మాత్రం నేర్చుకుంటేనే వచ్చే విద్య. మొదటి విద్యనుంచి రెండవ విద్యకు బిడ్డ మళ్ళే కాలాన్నే పాలు మాన్పించే కాలమని మనవారు అంటారు. ఇది ప్రతి ఇంటా జరిగే విషయమే. అయినా శిశువు జీవితంలో ఇంతకంటె జాగ్రత్తగా దాటవలసిన మలుపులు ఎక్కువ లేవు. ఎందుకంటే ఈ మలుపులో బిడ్డ ఆహారం, ఆ ఆహారంతోపాటు కడుపులోకి పోయే సూక్ష్మజీవులు, తల్లి శరీరస్థితి మూడూ ఒకేసారి మారుతాయి.

ఎప్పుడు మాన్పించాలి?

మొదటి ఆరు నెలలు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ, మంచినీళ్ళు కూడా, అవసరం లేదని, ఆరు నెలలు నిండగానే మెత్తని ఆహారం మొదలుపెట్టాలని, రెండేళ్ళవరకు, వీలైతే ఆ తరువాత కూడా, చనుబాలు కొనసాగించటం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. కాబట్టి ఏడాది నిండింది గనుక పాలు మాన్పించి తీరాలన్న నియమమేమీ లేదు.

ఏడాది దాటితే తల్లిపాలు నీళ్ళయిపోతాయని కొందరనుకుంటారు. ఇది నిజం కాదు. రెండవ ఏట కూడా బిడ్డకు కావలసిన శక్తిలో సుమారు మూడింట ఒక వంతు తల్లిపాలనుంచే లభించగలదు. సూక్ష్మజీవుల పైపొరను కరిగించే లైసోజైమ్ అనే పదార్థం రెండవ ఏటి పాలలో తగ్గకపోగా పెరుగుతుంది. తల్లి మళ్ళీ గర్భవతి అయితే ఆ పాలు విషమవుతాయన్న నమ్మకానికి కూడా ఆధారం లేదు.

అయితే తల్లి ఉద్యోగానికో కూలిపనికో పగలంతా బయటికి పోవలసి రావచ్చు. ఆమె ఆరోగ్యం బాగుండకపోవచ్చు. ఇక చాలునని ఆమెకే అనిపించవచ్చు. అటువంటప్పుడు ఏడాది నిండిన బిడ్డకు పాలు మాన్పించటంలో తప్పు లేదు. ఎట్లా మాన్పించాలి, ఆ స్థానంలో ఏమి పెట్టాలి అన్నవే అసలు ప్రశ్నలు. పళ్ళు వచ్చిన బిడ్డను చనుబాలనుంచి క్రమంగా మళ్ళించాలని వాగ్భటుడు తన అష్టాంగ హృదయంలో చెప్పాడు. ఆ ‘క్రమంగా’ అన్న మాటకు నేటి శరీరశాస్త్రం బలమైన కారణాలు చూపుతున్నది.

గద్దె దిగిన బిడ్డ

పశ్చిమ ఆఫ్రికాలో ఇప్పటి ఘనా దేశాన్ని ఒకప్పుడు గోల్డ్ కోస్ట్ అనేవారు. అక్కడ పిల్లల వైద్యురాలిగా పనిచేసిన డాక్టర్ సిసిలీ విలియమ్స్ ఒక వింత వ్యాధిని గమనించి 1933లో వర్ణించింది. ఆ పిల్లలు ఒకటినుంచి నాలుగేళ్ళ లోపువారు. కాళ్ళు, చేతులు వాచేవి. చర్మం నల్లబడి పొరలుపొరలుగా ఊడేది. ఏ ఆటకూ ఉత్సాహం ఉండేది కాదు. చాలామంది చనిపోయేవారు. వారిని విచారించగా ఒక సంగతి తేలింది. తల్లి మరల గర్భం దాల్చినందువల్ల పాలు మాన్పించి, వారికి మొక్కజొన్న జావ మాత్రమే పోస్తున్నారు. ఆ ప్రాంతపు ‘గా’ భాషలో ఈ జబ్బును క్వాషియార్కర్ అనేవారు. తరువాతి బిడ్డ రాకతో తల్లి ఒడినుంచి దిగిపోయిన బిడ్డకు వచ్చే జబ్బు అని దాని భావం. విలియమ్స్ 1935లో ఆ పేరునే వైద్యశాస్త్రంలో ప్రవేశపెట్టింది. చదువురాని తల్లులు పెట్టిన పేరులోనే రోగకారణం దాగి ఉన్నది.

మన దేశంలోను ఈ వ్యాధి ఉండేది. కూనూరులో 1918లో ఒక చిన్న పరిశోధనశాలగా ఆరంభమై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు పొందిన సంస్థలో దీనిపై విశేషమైన కృషి జరిగింది. దీనికి మాంసకృత్తుల లోపమే కారణమని మొదట చాలామంది శాస్త్రజ్ఞులు భావించారు. డాక్టర్ సి. గోపాలన్ 1968లో వేరొక విషయం చూపించాడు. వాపుతో వచ్చే క్వాషియార్కర్ పిల్లలూ, ఎండి చిక్కిపోయే మరాస్మస్ పిల్లలూ ఒకే రకమైన తిండి తింటున్నవారే. ఆ తిండిలో కొరవడినది ముఖ్యంగా దాని మొత్తం పరిమాణం. అంటే పాలు మానిన బిడ్డకు కడుపునిండా తగినంత శక్తినిచ్చే ఆహారం అందటం లేదన్నమాట.

చిన్న కడుపు, పెద్ద అవసరం

తగినంత ఆహారం ఎందుకు అందదు? ఇంట్లో ధాన్యం ఉండి కూడా బిడ్డ చిక్కిపోవటం ఎట్లా సాధ్యం? ఇది చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు.

ఏడాది బిడ్డ బరువు సుమారు 9 కిలోలు. శరీరపు బరువు కిలో ఒక్కంటికి సుమారు 30 గ్రాముల ఆహారం మాత్రమే బిడ్డ జీర్ణాశయంలో ఒకసారికి పడుతుంది. అనగా 270 గ్రాములు. ఈ వయసు బిడ్డకు రోజుకు దాదాపు 1000 కెలోరీల శక్తి కావాలి. 100 గ్రాముల జావలో 10 గ్రాముల రాగిపిండి ఉన్నదనుకుందాము. దానినుంచి వచ్చేది సుమారు 33 కెలోరీలు. బిడ్డ కడుపు పట్టినంత, అనగా 270 గ్రాముల జావ త్రాగినా 90 కెలోరీలు మించవు. ఈ జావతోనే 1000 కెలోరీలు రావాలంటే రోజుకు పదకొండుసార్లు కడుపునిండా పోయాలి! ఏ తల్లికీ అది సాధ్యం కాదు, ఏ బిడ్డా త్రాగదు.

పిండి ఎక్కువ వేస్తే సరిపోదా? నూరు గ్రాములకు 20 గ్రాముల పిండి వేస్తే జావ సంకటిలాగా గట్టిపడుతుంది. నాలుగైదు పళ్ళున్న బిడ్డ దాన్ని సరిగా మ్రింగలేదు. తల్లి మళ్ళీ నీళ్ళు పోసి పలుచన చేస్తుంది. లెక్క మొదటికి వస్తుంది.

ఈ చిక్కును విప్పే ఉపాయం మన వంటిళ్ళలోనే ఉన్నది. రాగులను ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి ఒకటి రెండు రోజులు మొలకెత్తనిచ్చి, ఎండబెట్టి, సన్నని సెగమీద కొద్దిగా వేయించి విసిరిన పిండిలో అమిలేజ్ అనే ఎంజైము ఉంటుంది. గింజలోని పిండిపదార్థాన్ని మొలకకు ఆహారంగా మార్చటానికి ప్రకృతి ఏర్పరచిన ఎంజైము అది. ఉడికిన గట్టి జావలో ఈ పిండి కొంచెం కలిపితే, అమిలేజ్ పొడుగాటి పిండి అణువులను చిన్నవిగా తుంచుతుంది. జావ నీరు పోయకుండానే పలుచబడుతుంది. శక్తి మాత్రం తగ్గదు. అప్పుడు 270 గ్రాముల జావలో 180 కెలోరీలు ఉంటాయి. ఒక చెంచా నూనె గాని నెయ్యి గాని వేస్తే మరో 45 కెలోరీలు చేరతాయి. రోజుకు ఇటువంటి భోజనాలు నాలుగు, వాటితో అర లీటరు పాలు అయితే బిడ్డ అవసరం తీరుతుంది.

దీన్ని పాఠశాల ప్రయోగశాలలో సులభంగా చూపవచ్చు. రెండు గిన్నెలలో సమానంగా బియ్యపు పిండి, నీళ్ళు పోసి గట్టిగా ఉడికించాలి. ఉష్ణోగ్రత 50 – 60 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగిన తరువాత ఒకదానిలో ఒక చెంచా మొలక రాగుల పిండి, రెండవదానిలో అంతే మామూలు రాగిపిండి కలపాలి. కొద్ది నిమిషాలలో మొదటి గిన్నెలోనిది జారుగా అవుతుంది. రెండవది గట్టిగానే ఉంటుంది. మరుగుతున్న జావలో మొలకపిండి వేస్తే మార్పు రాదు. మితిమీరిన వేడికి ఎంజైము నశించటమే అందుకు కారణం. పలుచని గంజిలో మొలకపిండి కలిపి, అప్పుడప్పుడు ఒక చుక్క తీసి అయోడిన్‌తో పరీక్షిస్తే, నీలిరంగు క్రమంగా ఊదా రంగుకు, ఎర్రగోధుమ రంగుకు తిరగటం విద్యార్థులు చూడవచ్చు. బిడ్డకు పెట్టేటప్పుడు మాత్రం పలుచబడిన జావను మళ్ళీ ఒక పొంగు రానిచ్చి, చల్లార్చి పెట్టాలి. పిండిలోని సూక్ష్మజీవులు అప్పుడు నశిస్తాయి.

గ్లాసులో ఏ పాలు? ఎంత?

మన దేశపు ఆహార విలువల పట్టికల ప్రకారం నూరు గ్రాముల తల్లిపాలలో మాంసకృత్తులు 1.1 గ్రాములు, కొవ్వు 3.4 గ్రాములు, పిండిపదార్థాలు 7.4 గ్రాములు. ఆవుపాలలో ఇవి వరుసగా 3.2, 4.1, 4.4. గేదెపాలలో 4.3, 6.5, 5.0. తల్లిపాలు 65 కెలోరీలు, ఆవుపాలు 67, గేదెపాలు 117 ఇస్తాయి. ఏడాది నిండని పసికందు మూత్రపిండాలకు ఆవుపాలలోని మాంసకృత్తులు, లవణాలు భారమవుతాయి. కొందరిలో ప్రేగులనుంచి కంటికి కనపడనంత కొద్దిగా రక్తం కూడా స్రవిస్తుంది. ఏడాది దాటిన తరువాత ఈ ఇబ్బందులు తగ్గుతాయి. అప్పుడు పాలలో నీళ్ళు కలపవలసిన అవసరం ఉండదు. నీళ్ళు కలిపితే తగ్గేది బిడ్డకు అందే శక్తే.

అయితే పాలు మంచివే గనుక ఎంత పోస్తే అంత మంచిదనుకోరాదు. పాలలో ఇనుము దాదాపు లేదనే చెప్పాలి. లీటరు పాలలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. బిడ్డకు రోజుకు సుమారు 8 మిల్లీగ్రాములు ఆహారంలో అందాలి. తల్లి గర్భంలో కూడబెట్టుకున్న ఇనుపనిల్వ ఆరు నెలలకే దాదాపు తరిగిపోతుంది. పైగా ఆవుపాలలోని కాల్షియం, కేసీన్ అనే మాంసకృత్తు ఇతర ఆహారంలోని ఇనుమును కూడా సరిగా ఒంటికి పట్టనివ్వవు. రోజంతా పాలతోనే కడుపు నింపిన బిడ్డ బొద్దుగా కనిపిస్తూనే పాలిపోయి ఉండటానికి కారణం ఇదే. రక్తహీనత ఈ వయసులో మెదడు ఎదుగుదలను, తరువాతి చదువును కూడా దెబ్బతీస్తుంది. కాబట్టి రోజుకు అర లీటరుకు మించి పాలు ఇవ్వక, పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, తినేవారైతే మెత్తగా ఉడికించిన మాంసం అన్నంలో కలిపి పెట్టాలి. రెండు చుక్కల నిమ్మరసం పిండితే అందులోని సి విటమిను ధాన్యాలలో, ఆకుకూరలలో ఉన్న ఇనుము ఒంటపట్టటానికి తోడ్పడుతుంది. టీ ఇందుకు పూర్తిగా విరుద్ధం. బిడ్డ గ్లాసులో టీ చుక్క కూడా పోయకూడదు.

నోరు నేర్చుకునే కొత్త పని

రొమ్ము త్రాగేటప్పుడు బిడ్డ నోరు విశాలంగా తెరుస్తుంది. నాలుక అలవలె కదులుతుంది. నోటిలో గాలి ఒత్తిడి తగ్గి, పాలు నేరుగా నాలుక వెనుకభాగానికి చేరతాయి. గ్లాసుతో త్రాగటానికి పద్ధతి వేరు. క్రింది పెదవి అంచును పట్టాలి. దవడ కదలకుండా నిలవాలి. పైపెదవి పాలను తాకి గుక్క తీసుకోవాలి. నాలుక ముందుభాగం పైకిలేచి ఆ గుక్కను గొంతులోకి నెట్టాలి. ఆ క్షణంలో ఊపిరి ఆగి, శ్వాసనాళపు ద్వారం మూసుకోవాలి. ఇన్ని కండరాల పొందిక ఒక్కనాటితో రాదు. ఆరు నెలల వయసునుంచే, అంటే చనుబాలు సాగుతూ ఉండగానే, చిన్న గ్లాసుతో రెండు గుక్కల నీళ్ళు అలవాటు చేయటం మేలు. ఏడాది నాటికి బిడ్డ రెండు చేతులా గ్లాసు పట్టుకుంటుంది, సగం ఒలకబోస్తుంది. ఏడాదిన్నర నాటికి చాలామంది బిడ్డలు తామే త్రాగగలరు. ఒలకబోయటం నేర్చుకోవటంలో ఒక భాగం. దానికి కోప్పడరాదు.

సీసా వాడితే ఈ శ్రమ ఉండదు కదా అనిపించవచ్చు. కాని సీసా మెడలోను, రబ్బరు తిత్తిలోను పాలజిడ్డు పేరుకుంటుంది. ఎంత కడిగినా పూర్తిగా పోదు. అందులో సూక్ష్మజీవులు పెరిగి నీళ్ళ విరేచనాలకు కారణమవుతాయి. సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే బిడ్డకు పాలపళ్ళు పుచ్చిపోతాయి. వెడల్పు నోరున్న స్టీలు గ్లాసును వేలు పెట్టి తోమవచ్చు, వేడినీళ్ళతో కడగవచ్చు, శుభ్రమైనదో కాదో కంటితో చూడవచ్చు. మన పెద్దలు వాడిన ఉగ్గుగిన్నె గుణం కూడా ఇదే. అటువంటి ముక్కుగిన్నెలతోనే నేటికీ ఆసుపత్రులలో బరువు తక్కువగా పుట్టిన శిశువులకు పాలు పడుతున్నారు. మన దేశంలో 1992లో వచ్చిన చట్టం పాలసీసాల ప్రచారాన్ని, శిశువుల పాలపొడుల ప్రచారాన్ని నిషేధించింది.

తల్లి శరీరంలో జరిగేది

బిడ్డ రొమ్ము చప్పరించినప్పుడు ఆ స్పర్శ నరాలద్వారా మెదడుకు చేరుతుంది. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథినుంచి రెండు హార్మోనులు రక్తంలోకి వస్తాయి. ప్రోలాక్టిన్ పాలను తయారుచేయిస్తుంది. ఆక్సిటోసిన్ తయారైన పాలను బయటికి నెడుతుంది. రొమ్ములో పాలు మిగిలిపోతే తయారీ తనంతట తానే తగ్గుతుంది. బిడ్డ ఎంత త్రాగితే అంత ఊరటం, త్రాగనినాడు తగ్గటం ఈ ఏర్పాటువల్లనే.

ఒక్కరోజులో పాలు మాన్పిస్తే ఈ తగ్గుదలకు వ్యవధి ఉండదు. రొమ్ములు రాయిలా గట్టిపడి సలుపుతాయి. వాచి, ఎర్రబడి, జ్వరం రావచ్చు. గట్టిగా గుడ్డ బిగించి కట్టటంవల్ల ఇది మరింత ముదురుతుంది. బాధ తగ్గేమటుకు కొద్దిగా పాలు పిండివేసి, తడిగుడ్డ వేస్తే ఉపశమనం కలుగుతుంది. జ్వరం వస్తే వైద్యునికి చూపించాలి.

క్రమమైన పద్ధతి

రోజుకు అయిదుసార్లు పాలు త్రాగే బిడ్డ ఉన్నదనుకుందాము. అందులో బిడ్డకు పెద్ద పట్టింపు లేని వేళను, తరచు మధ్యాహ్నపు వేళను, ముందు మానిపించాలి. ఆ సమయానికి కడుపునిండా అన్నం పెట్టి, గ్లాసుతో పాలు ఇవ్వాలి. వారం రోజులు ఇట్లా సాగి బిడ్డా, తల్లీ కుదుటపడిన తరువాత మరొక వేళను తొలగించాలి. నిద్రకు ముందు త్రాగే పాలను చిట్టచివరకు మిగల్చాలి. అది బిడ్డకు ఆహారంకంటె ఓదార్పుగా ఎక్కువ ఉపయోగపడుతుంది. ఈ లెక్కన నెలా, నెలన్నర పడుతుంది.

గ్లాసు పట్టేటప్పుడు బిడ్డను నిటారుగా కూర్చోబెట్టుకోవాలి. కాచి చల్లార్చిన పాలు రెండు మూడు గుక్కలు మాత్రమే పోసి, అంచును క్రింది పెదవిమీద ఆనించి కొద్దిగా వంచాలి. బిడ్డే అందుకోవాలి. నోట్లో కుమ్మరిస్తే పొలమారుతుంది. మిగిలిన పాలను మరో పూటకు దాచకూడదు. తల్లి పట్టిన గ్లాసును త్రోసివేసే బిడ్డ తండ్రి చేతనో అమ్మమ్మ చేతనో హాయిగా త్రాగుతుంది. తల్లి ఒంటివాసన తగిలినప్పుడు బిడ్డకు గుర్తుకు వచ్చేది రొమ్మే గదా! పాలు మానినా ఒడి మానరాదు. ఇంతకుముందు పాలిచ్చిన వేళకు బిడ్డను దగ్గరకు తీసుకుని ఆడించటం, జోకొట్టటం తప్పనిసరి.

రొమ్ముకు వేపాకు ముద్దగాని ముసాంబరంగాని పూసి మాన్పించే అలవాటు పల్లెలలో ఉన్నది. ముసాంబరం కలబంద జాతి మొక్కల ఆకులనుంచి వచ్చే చేదు రసాన్ని ఎండబెట్టి చేసినది. అది తీవ్రమైన విరేచనకారి. పాలు మానుతున్న బిడ్డకు విరేచనాలు పట్టుకోవటమంటే రెండు ఆపదలు ఒకేసారి వచ్చినట్లే. బిడ్డకు జ్వరం, విరేచనాలు, తట్టు వంటివి ఉన్నప్పుడుకూడా పాలు మాన్పించరాదు. అప్పుడు చనుబాలు మామూలుకంటె తరచుగా ఇవ్వాలి. జబ్బు తగ్గి, బిడ్డ మళ్ళీ ఆకలిగా తినటం మొదలుపెట్టిన తరువాతనే ఈ పని చేపట్టాలి.

పాలు మాన్పించిన తరువాత మూడు, నాలుగు నెలలు బిడ్డ బరువును నెలనెలా తూచి చూడటం చాలా ముఖ్యం. అంగన్‌వాడీ కేంద్రంలో ఇచ్చే పెరుగుదల పట్టికలో గీత పైకి పోతున్నంతకాలం భయం లేదు. గీత అడ్డంగా నడిచినా, క్రిందికి వంగినా బిడ్డకు తిండి చాలటం లేదని అర్థం. కాళ్ళు వాచేదాకా ఆగనక్కరలేదు. గీతలు చదవటం ఉన్నత పాఠశాలలో గణితంలో నేర్చుకున్న పాఠమే. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉన్న విద్యార్థి ఆ పట్టికను ఒకసారి తీసి చూసి, దానిలోని గీత ఏమి చెబుతున్నదో అమ్మకు వివరించగలిగితే, ఆ పాఠం వల్ల కలిగిన ప్రయోజనం పరీక్షలో వచ్చే మార్కులకంటె పెద్దది.